మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్, కెమెరా బాడీ



పోయిన రెండు నెలలు పాళెయాల చరిత్ర రాసినాము. ఈ నెల అడివి ఫోటోల కెమెరా చరిత్ర రాస్తున్నాము. మన సంఘానికి దీంతో పనేమి అని అడిగేవాళ్లు ఉంటారు. పని ఉంది. సంఘం క్యాలెండర్ కోసం పక్షుల ఫోటోలు తీసే కెమెరా బాడీ మార్చాలా వద్దా అని కార్యవర్గం ఈ నెలాఖరుకు తేల్చాలి. మార్చితే దుడ్డు విద్యానిధి నుంచి బదులుగా తీసుకోవాల్సి వస్తుంది. ఆ నిధి మన బిడ్డల కాలేజీ ఫీజులకు పెట్టుకున్నది. చెయ్యెత్తే ముందు ఈ కథ అందరూ ఒకసారి చదివితే మేలనిపించింది.

మేము బడిలో చదివింది తమిళం. తెలుగు ఇంట్లో విన్నది, అక్షరాలు గూడూరు వైపు స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నది. రాతలో తప్పులుంటే చదువుకున్నవాళ్లు సర్దుకోండి. ఎప్పటిలాగే నిడివి జాస్తి.

ముందు మన రైలు సంగతి. మదురై నుంచి బోడినాయకనూరుకు మీటర్ గేజ్ లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇనుము కావాలని పట్టాలు పీకి తీసుకుపోయినారు. యుద్ధం అయినాక మళ్లీ వేసినారు. అప్పటి నుంచి ఆ లైను మీద ఇంజన్లు మారినాయి. బొగ్గు ఇంజన్ పోయి డీజిల్ వచ్చింది. ఇంజన్ మారిన రోజున కూడా బండి నడిచింది. పెట్టెలు అవే, పట్టాలు అవే, ప్లాట్‌ఫారం అదే. కానీ 2010 డిసెంబరు ఆఖరులో గేజ్ మార్చాలని బండ్లు ఆపినారు. మళ్లీ తేనికి రైలు వచ్చింది 2022 మేలో, బోడికి 2023 జూన్‌లో. తేని వాళ్లం పదకొండేండ్లకు పైగా కూత వినలేదు. 1000 మిల్లీమీటర్ల దారి 1676 మిల్లీమీటర్లు కావాలంటే పెట్టె, వంతెన, ప్లాట్‌ఫారం అన్నీ మారాలి.

కెమెరాలోనూ ఈ రెండు రకాల మార్పులు ఉన్నాయి. ఒకటి ఇంజన్ మార్పు: పాత లెన్సులకే కొత్త బాడీ. రెండోది గేజ్ మార్పు: లెన్స్ బిగించే నోరే మారిపోతుంది. అంగడివాడు రెండింటినీ ‘అప్‌గ్రేడ్’ అనే ఒక్క మాటతో అమ్ముతాడు. మన దుడ్డు ఎటు పోతుందో తెలియాలంటే ఈ రెండూ వేరుగా చూడాలి. చరిత్రలో ఏది ఎప్పుడు వచ్చిందో చూస్తే అది తేటగా తెలుస్తుంది.

మొదట్లో కెమెరా అంటే గాజు పలక, చెక్కపెట్టె, మూడు కాళ్లు. ఇంగ్లండులో కియర్టన్ అన్నదమ్ములు 1892లో పిట్ట గూడును గుడ్లతో సహా ఫోటో తీసినారు. 1895లో అచ్చంగా గూళ్ల ఫోటోలతోనే పుస్తకం వేసినారు. గూడు కదలదు కాబట్టి ఆ కెమెరాకు అది సాధ్యమైంది. మన దేశంలో ఆ కాలపు పులి ఫోటోలు చాలావరకు చచ్చిన పులులవే. వైస్రాయ్ కర్జన్ 1902 ప్రాంతంలో హైదరాబాద్ రాజ్యానికి వేటకు వచ్చినప్పుడు, చచ్చిన పులి దగ్గర ఆయన, ఆయన భార్య నిలబడిన ఫోటో చూసే ఉంటారు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పేరు మీద ఉన్న ఫోటో అది. ఆ కెమెరాకు పులి కదలకుండా ఉండాలి. కదలకుండా ఉండాలంటే తుపాకీ ముందు పోవాలి.

ఆ పద్ధతి మార్చినవాళ్లకు కొత్త బాడీ దొరకలేదు, కొత్త ఉపాయం దొరికింది. అమెరికాలో జార్జ్ షిరాస్ రాత్రిపూట మందు వెలిగించి జింకలను తీసినాడు. ఆ ఫోటోలు 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అచ్చేసింది. మన దేశంలో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీశాఖ అధికారి శివాలిక్ అడవుల్లో పులి నడిచే దారికి అడ్డంగా సన్న తీగ కట్టినాడు. పులి కాలు తగిలితే వెలుగు, ఫోటో. అట్లా తీసినవి 1927లో పుస్తకంగా వచ్చినాయి. తీగ కట్టాలంటే పులి ఏ దారిన ఎప్పుడు పోతుందో తెలియాలి. ఆ లెక్క ఏ కెమెరాలోనూ లేదు. ఆయన కాళ్లలోనూ కళ్లలోనూ ఉండింది.

ఇక మన పక్కవాడు. ఎం. కృష్ణన్. 1912లో తిరునెల్వేలిలో పుట్టినారు, తమిళ నవలాకారుడు మాధవయ్య కొడుకు. కొన్నేండ్లు బళ్లారి వైపు సండూరు సంస్థానంలో కొలువు చేసినారు. 1950 నుంచి 1996 దాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి గురించి రాస్తూ వచ్చినారు. ముదుమలై, పెరియార్ అడవుల్లో కాలినడకన, పెంపుడేనుగు మీద తిరిగి నలుపు తెలుపులోనే ఫోటోలు తీసినారు. 1968లో నెహ్రూ ఫెలోషిప్ వచ్చింది, పద్మశ్రీ కూడా వచ్చింది. 1996 ఫిబ్రవరిలో పోయినారు. మన తేని జిల్లా మదురై నుంచి విడిపోయింది కూడా అదే ఏడాది.

ఆయన కెమెరా గురించి తెలిసినవాళ్లు నవ్వుకుంటూ రాసినారు. ఒక కంపెనీ బాడీ, ఇంకో కంపెనీ లెన్స్, మిగతావి ఆయనే అతికించి కట్టినవి. దానికి ఆయన పెట్టిన పేరు ‘సూపర్ పాండెరోసా’. చూసేవాళ్లకు పాత ఇనుప సామాన్ల మూట మాదిరి ఉండేదట. కానీ దాంట్లో ఆయనకు తెలియని మర ఒక్కటీ లేదు. ఏనుగు చెవి ఎట్లా ఆడితే ఇంకో అడుగు ముందుకు వెయ్యకూడదో కూడా తెలుసు. ఈ కథ చెప్పి ‘పాతదే చాలు’ అనేవాళ్లు మన సంఘంలో ఉన్నారు. అది సగం నిజమే. మిగిలిన సగం కింద చెప్తాము.

1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. లెన్స్‌లో కనిపించేదే కంటికి కనిపించే అద్దం కెమెరా అంతకుముందు కూడా ఉంది. కానీ గట్టిగా, పూర్తి సరంజామాతో లోకమంతా పరిచింది ఇది. అప్పటి లెన్స్ నోరే, ‘ఎఫ్ మౌంట్’ అంటారు, మన సంఘం డి7200 కెమెరాకు కూడా ఉంది. అంటే మనం 1959లో వేసిన పట్టాల మీదనే నడుస్తున్నాము.

ఫిల్ము కాలంలో అసలు కష్టం వెలుగు. మనవైపు ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ‘ఇందు’ రోలు పెళ్లిళ్లకు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. రంగు కావాలంటే కోడాక్రోమ్ 64. ఒక లెక్క చూడండి. మేఘమలై చోలై అడవిలో ఉదయం చెట్ల కింద మేము ఇప్పుడు పెట్టుకునేది ఐఎస్ఓ 3200, సెకనులో 500వ వంతు. 64కు 3200 యాభై రెట్లు. అదే లెన్స్‌తో, అదే వెలుగులో, 64 ఫిల్ము అయితే సెకనులో 10వ వంతు తెరిచి ఉంచాలి. అంతసేపట్లో పిట్ట మూడుసార్లు తల తిప్పుతుంది. అప్పటివాళ్లు ఎండలో కూర్చున్న పిట్టలనే ఎందుకు తీసినారో దీంతో అర్థమవుతుంది. పైగా రోలుకు 36 ఫోటోలు. ఇప్పటి కెమెరా సెకనుకు 20 కొడుతుంది. రోలంతా రెండు సెకన్లకు చాలదు.

1985లో మినోల్టా వాళ్లు ఫోకస్ దానంతటదే కుదిరే అద్దం కెమెరాను, దానికి సరిపడా లెన్సుల వరుసతో సహా తెచ్చినారు. ఎగిరే పక్షిని మామూలు మనిషి కూడా తీయగలిగే దారి అక్కడ మొదలైంది. దాని వెంటనే పెద్ద గేజ్ మార్పు జరిగింది. 1987లో కానన్ తన పాత ఎఫ్‌డి నోరు వదిలేసి ఈఎఫ్ అనే కొత్త నోరు పెట్టింది. పాత లెన్సులు కొన్నవాళ్లు నెత్తిన గుడ్డ వేసుకున్నారు. నికాన్ నోరు మార్చలేదు. ఫోకస్ తిప్పే మోటారును బాడీలో పెట్టి, మర ద్వారా లెన్స్‌ను తిప్పించింది. అప్పట్లో నికాన్‌వాళ్లు సంతోషపడినారు. ఆ బిల్లు ముప్పై ఏండ్ల తర్వాత వచ్చింది. అది కూడా చెప్తాము.

1999లో నికాన్ డి1. అందులో 27 లక్షల చుక్కలు మాత్రమే, అయినా ఫిల్ము ఖర్చు పోయింది. తర్వాత పదిహేనేండ్లు ప్రతి రెండేండ్లకు ఒక బాడీ మార్చినా ఏదో లాభం కనిపించింది. మన డి7200 వచ్చిన 2015 నాటికి అది దాదాపు ఆగిపోయింది. చీకటిలో గింజలు కనిపించకుండా తీసే శక్తి, అదే సైజు సెన్సార్‌లో, అప్పటి నుంచి పెద్దగా పెరగలేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ‘కొత్త బాడీ అయితే చీకట్లో బాగా వస్తుంది’ అని అమ్మేవాళ్లు చెప్పేది 2008లో నిజం. ఇప్పుడు అదే సైజు సెన్సార్‌కు అంతగా నిజం కాదు.

పెద్ద సెన్సార్, అంటే ఫుల్ ఫ్రేమ్, కొంటే చీకట్లో మేలు ఉంది. కానీ దానికీ లెక్క ఉంది. మన చిన్న సెన్సార్ మీద 500 లెన్స్ 750 మాదిరి దగ్గరికి లాగుతుంది, ఒకటిన్నర రెట్లు. ఫుల్ ఫ్రేమ్‌లో ఆ దగ్గర పోతుంది. అంత దగ్గరగా కావాలని ఫోటోను కత్తిరిస్తే 1.5 ఇంటూ 1.5, రెండుంబావు వంతుల్లో ఒక వంతే మిగులుతుంది. నాలుగున్నర కోట్ల చుక్కల ఖరీదైన కెమెరా అట్లా కత్తిరించినాక రెండు కోట్లకు దిగుతుంది. మన డి7200లో రెండు కోట్ల నలభై లక్షలు ఉన్నాయి. హార్న్‌బిల్ పిట్ట మనకు ఎప్పుడూ లోయ అవతలి చెట్టు మీదనే కూర్చుంటుంది కాబట్టి, కత్తిరించక తప్పదు.

ఇక ఆఖరు మెట్టు. 2017లో సోనీ ఏ9. లోపలి అద్దం లేదు, సెకనుకు 20 ఫోటోలు, చూసే కిటికీ మధ్యలో నల్లబడదు. 2018లో నికాన్ జెడ్, కానన్ ఆర్‌ఎఫ్ అని ఇద్దరూ కొత్త నోళ్లు పెట్టినారు. 2019, 2020 నుంచి కెమెరానే జంతువు కన్నును, పక్షి కన్నును వెతికి పట్టుకోవడం మొదలైంది. ఇది నిజమైన మెట్టు. 1985 మాదిరి మెట్టు. ఇక్కడ పిల్లలు చెప్పేది ముమ్మాటికీ సరి. మన పాత కెమెరా 51 చోట్ల మాత్రమే చూస్తుంది. అడ్డంగా కొమ్మ వస్తే కొమ్మనే పట్టుకుంటుంది. కొత్తది ఆకుల సందులో కన్ను వెతుక్కుంటుంది.

ఈ లాభం పిల్లలకంటే పెద్దవాళ్లకు జాస్తి. మా గుంపులో కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారు, చెయ్యి వణికేవాళ్లు ఉన్నారు. కిటికీలో పిట్ట కన్ను తేటగా ఉందో లేదో వాళ్లకు కనిపించదు. కెమెరా చూసిపెడితే ఇంకో పదేండ్లు అడివికి వస్తారు. కృష్ణన్ గారి కథలో మిగిలిన సగం ఇదే. ఆయన చెయ్యి, ఆయన కన్ను మనలో ఎంతమందికి ఉంది? లేనివాళ్లు సాధనం సాయం తీసుకోవడంలో తప్పు లేదు.

అయితే ఇది గేజ్ మార్పు. ఎఫ్ నోటికీ సెన్సార్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. కొత్త జెడ్‌లో 16. తేడా 30.5 మిల్లీమీటర్లు. ఆ సందులో ఎఫ్‌టీజెడ్ అనే అతుకు బిగించి పాత లెన్స్‌ను కొత్త బాడీకి పెట్టవచ్చు. కొత్త లెన్స్‌ను పాత బాడీకి పెట్టే దారే లేదు. గేజ్ మారే స్టేషన్లలో సరుకు ఒక పెట్టె నుంచి దించి ఇంకో పెట్టెలోకి ఎక్కించేవాళ్లం. రెండు వైపులా ఎక్కించేవాళ్లం. ఇక్కడ సరుకు ఒక్క వైపే పోతుంది.

నికాన్ 1987లో నోరు మార్చని బిల్లు ఇక్కడే వచ్చింది. మర తిప్పి ఫోకస్ చేసే పాత లెన్సులకు ఈ అతుకు మీద ఫోకస్ దానంతటది కుదరదు, చేత్తో తిప్పాలి. లోపలే మోటారు ఉన్నవాటికి కుదురుతుంది. మన సంఘం 200-500 లెన్స్ 2015లో వచ్చింది, దాంట్లో మోటారు ఉంది. కాబట్టి మన పెట్టె కొత్త పట్టాల మీద నడుస్తుంది. కానన్ ఈఎఫ్ లెన్సులు ఉన్న సభ్యులకు ఇంకా సులువు. వాటిలో మొదటి నుంచీ మోటారు ఉంది, కానన్ అతుకు మీద మామూలుగా పనిచేస్తాయి.

‘ముందు లెన్స్ కొను, తర్వాత బాడీ’ అని పాతవాళ్లు చెప్పేది ఇంతకాలం మంచి మాటే. గేజ్ మారే కాలంలో దాన్ని కొంచెం మార్చుకోవాలి. పాత నోటికి కొత్త ఖరీదైన లెన్స్ కొనొద్దు. ఉన్న లెన్స్‌తో నడపండి, లేదా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. మారే రోజు వస్తే ముందు బాడీ, అతుకు. కొత్త లెన్స్ ఆ తర్వాత.

ఇప్పుడు మన కెమెరా సంగతి. క్యాలెండర్‌కు పనికిరాక పక్కన పెట్టిన పోయిన ఏడాది ఫోటోలను మేము కారణం ప్రకారం కుప్పలు పోసినాము. గూడ్స్ ఆఫీసులో క్లెయిములు వేరుచేసే పద్ధతే. అన్నిటికంటే పెద్ద కుప్ప దూరం. పిట్ట చిన్నది, మధ్యలో ఎండ ఆవిరి. ఏ బాడీ దాన్ని బాగుచెయ్యదు. పొద్దున ఇంకో గంట ముందు పోవాలి, ఇంకొంచెం దగ్గరగా కదలకుండా కూర్చోవాలి. రెండో కుప్ప చీకటి. దానికి పైన లెక్క చెప్పినాము. మూడోది చెయ్యి కదిలినవి. ఒంటికాలి స్టాండు ఉంటే సగం పోతాయి. నాలుగో కుప్ప, ఎగిరే పక్షి, కొమ్మను పట్టిన ఫోకస్. కొత్త బాడీ బాగుచేసేది ఈ కుప్పనే. అది అన్నిటికంటే చిన్నది.

ఇంకో సంగతి కూడా చూడండి. ఫోటో అందం ఒకటే మనకు ముఖ్యమైతే కొనుక్కునే క్యాలెండర్లు బోలెడు ఉన్నాయి. మన క్యాలెండర్ ఎందుకు వేస్తున్నాము? పాలపిట్ట కింద పనంగాడై అని, లకుముకిపిట్ట కింద మీన్‌కొత్తి అని, రెండు పేర్లూ పక్కపక్కన వేస్తున్నాము. బిడ్డలకు తమిళ పేరే తెలుసు. తెలుగు పేరు అవ్వతోనే పోతూ ఉంది. ఏ ఊరి చెరువులో ఏ తేదీన కనిపించిందో కూడా వేస్తున్నాము. నిలిచేది ఆ వివరం.

దీనికి మన కొండల్లోనే సాక్ష్యం ఉంది. 1948లో హైవేవీస్, అంటే మన మేఘమలైలో, ఆంగస్ హట్టన్ అనే తేయాకు తోట మనిషి ఒక గబ్బిలాన్ని పట్టి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి ఇచ్చినాడు. మామూలు పండ్ల గబ్బిలమనుకొని దాచినారు. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞుడు కిట్టి థోంగ్లోంగ్యా దాన్ని మళ్లీ చూసి, ఇది వేరే జాతి అని తేల్చి సలీం అలీ పేరు పెట్టినాడు. ఎక్కడిది, ఎప్పటిది అన్న చీటీ ఆ గబ్బిలానికి ఉంది కాబట్టి 24 ఏండ్ల తర్వాత కూడా పనికి వచ్చింది.

కడప జిల్లా కలివికోడి కథ కూడా అంతే. లేదని అందరూ అనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. వెతికింది బాంబే సొసైటీ వాళ్లు, పట్టిచ్చింది ఆ పొదలు తెలిసిన ఊరి మనిషి. తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగులు చూసినారు, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టినారు. ఆ ఫోటోలు గోడకు తగిలించేంత అందమైనవి కావు. కానీ పిట్ట అక్కడ ఉందని చెప్పడానికి చాలు. మన మేఘమలై 2021లో శ్రీవిల్లిపుత్తూరుతో కలిసి పులుల సంరక్షణ అడవి అయింది. అక్కడ ఏ పిట్ట ఎప్పుడు కనిపించిందో రాసిపెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నా జాస్తి కాదు.

కార్యవర్గానికి మేము పెట్టే మాట ఇది.

ఒకటి, విద్యానిధి దుడ్డు ముట్టొద్దు. కెమెరా ఒక ఏడాది ఆగుతుంది. కాలేజీ సీటు ఆగదు.

రెండు, పాత బాడీకి సెన్సార్ శుభ్రం చేయించండి. లెన్స్‌కూ బాడీకీ ఫోకస్ సరిచూసే అమరిక డి7200లోనే ఉంది, అది చెయ్యండి. ఒంటికాలి స్టాండు ఒకటి కొనండి.

మూడు, ఈ ఏడాది నుంచి క్యాలెండర్ మిగులును రెండుగా పంచి, సగం కెమెరా పేరుతో వేరే ఖాతాలో వెయ్యండి. మిగతా సగం ఎప్పటిలాగే విద్యానిధికి.

నాలుగు, డి7200 షట్టర్‌ను లక్షా యాభై వేల ఫోటోలకు పరీక్షించినారని కంపెనీ చెప్పింది. మన లెక్క దానికి దగ్గరపడినా, పెద్ద రిపేరు వచ్చినా, పాత నోటి బాడీ ఇంకొకటి కొనకుండా ఒకేసారి కొత్త గేజ్‌కు పోదాము. పక్షి కన్ను పట్టే చిన్న సెన్సార్ బాడీ, అతుకు, ఉన్న లెన్సే. కొనే ముందు రెండు రోజులు అద్దెకు తెచ్చి మేఘమలైకే తీసుకుపోవాలి. అంగడిలో బొమ్మ మీద పట్టిన ఫోకస్ చూసి తీర్మానం చెయ్యొద్దు.

ఐదు, సొంత దుడ్డుతో కొనే సభ్యులను ఎవరూ ఎగతాళి చెయ్యొద్దు. ముఖ్యంగా కన్ను మసకబారిన పెద్దవాళ్లను. కానీ నగలు కుదువ పెట్టి, అప్పు చేసి బాడీ కొనాలనుకునే తమ్ముళ్లు ముందు తమ ఫోటోలను మేము చెప్పినట్టు నాలుగు కుప్పలు పొయ్యండి. నాలుగో కుప్ప అన్నిటికంటే పెద్దదైతే అప్పుడు ఇంట్లో మాట్లాడండి.

వేరే మాట ఉన్నవాళ్లు కింద రాయండి, మీటింగులో చదివి వినిపిస్తాము. మీ ఇంట్లో అవ్వ చెప్పే పక్షి పేర్లు కూడా ఊరి పేరుతో సహా పంపండి. వచ్చే క్యాలెండర్‌లో ఏప్రిల్, ఆగస్టు ఇంకా ఖాళీగా ఉన్నాయి.